డబ్బులు కట్టేశాం కదా, తినండి!

మా అత్తయ్య శనివారాలు సాయంత్రం దీపం పెట్టేదాకా అన్నం ముట్టదు. నాకు పెళ్ళై పదమూడేళ్ళు. ఈ పదమూడేళ్ళలో ఆవిడకి జ్వరమొచ్చినా, రైలు ప్రయాణంలో ఉన్నా, ఆఖరికి సొంత కూతురి పెళ్ళి శనివారం పడినా ఆ నియమం తప్పడం నేను చూడలేదు. అలాంటి మనిషిని పోయిన వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం రెండున్నరకి ఊరి బయట ఒక వాటర్ పార్కు రెస్టారెంట్లో కూర్చోబెట్టి, కన్నకొడుకే "అమ్మా, డబ్బులు కట్టేశాం కదా, కొంచెం తిను" అన్నాడు. ఒకసారి అని ఊరుకుంటే పోనీలే అనుకుందును. మూడుసార్లు అన్నాడు.

మా ఆయన డబ్బు మనిషి కాదు. హోటల్‌కెళ్తే మెనూ కార్డులో కుడివైపు అంకెలు చూడకుండా ఆర్డరిచ్చే రకం. ఎక్కడికెళ్ళినా "అమ్మకి ఉపవాసం, పళ్ళేమన్నా ఉన్నాయా" అని ముందుగా అడిగేదీ ఆయనే. ఆ రోజు ఆయన చేత ఆ మాట అనిపించినవి ఐదు బఫే కూపన్లు. టికెట్లు ఆన్‌లైన్లో తీసుకుంటున్నప్పుడు "భోజనం కూడా కలుపుకోండి" అని ఒక పెట్టె కనపడింది. విడివిడిగా కొంటే ఎక్కువ, ఇప్పుడే కొంటే తక్కువ అంది. టిక్కు పెట్టాం. ఎంతమంది టికెట్లో అంతమందికీ భోజనం పడింది. ఒకరికి వద్దు అనే వీలు ఆ పేజీలో లేదు. శనివారం అన్న సంగతి అప్పుడు నాకూ తట్టలేదు, అది నా తప్పే.

కూపన్ల కథ కూడా చెప్పాలి. గేటు దగ్గర ఫోన్లో కోడ్ స్కాన్ చేసి, ఐదు కాగితం ముక్కలు చింపి చేతిలో పెట్టారు. వాటర్ పార్కులో కాగితం! ఫోన్లు, పర్సులు, వాచీలు అన్నీ లాకర్లోకి వెళ్ళిపోయాయి కాబట్టి ఆ కాగితాలు మడిచి మావాడి నిక్కరు జేబులో దోపాను. వాడు వేవ్ పూల్‌లో రెండు గంటలు మునిగి తేలాక చూస్తే జేబులో ఇడ్లీపిండి లాంటిదేదో మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని భోజనాల దగ్గర నిలబడ్డాను. "కూపన్ లేకపోతే లోపలికి పంపం మేడం" అన్నాడు కౌంటర్లో ఆయన. "ఇదేనండీ కూపన్" అని అరచెయ్యి చాపాను. వెనక లైన్లో ఎవరో గట్టిగా నవ్వారు.

ఖాళీ ప్లేట్లు తీస్తున్న ఒక కుర్రాడు అది విని దగ్గరికొచ్చాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయేమో. "అన్నా, చేతికున్న బ్యాండ్ మీద నంబరుంటది, అది కొట్టి చూడు" అన్నాడు. నంబరు కొట్టారు, మా ఐదు భోజనాలూ కనపడ్డాయి. లోపలికెళ్ళాక అత్తయ్య తినదని తెలిసి, అతను అడక్కుండానే ఒక ప్లేట్లో పుచ్చకాయ ముక్కలు, రెండు అరటిపళ్ళు, గిన్నెడు పెరుగు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "పుచ్చకాయ మీద చాట్ మసాలా వేస్తరు, ఇది వెయ్యంది అమ్మా. మా అమ్మ కూడా శనివారాలు ఉంటది" అన్నాడు. ఏ ఊరు నాయనా అని అత్తయ్య అడిగితే దేవరకొండ దగ్గరని చెప్పాడు. ఆ తర్వాత అరగంట మాకెవరికీ ఏ లోటూ రానివ్వలేదు.

లేచేటప్పుడు మా ఆయన అలవాటుగా జేబు తడుముకున్నారు. తడి నిక్కరు. పర్సు లాకర్లో, ఫోను లాకర్లో. ఆ రెస్టారెంట్లో ఉన్న వందా నూటయాభై మందిదీ అదే అవతారం. ఎవరి ఒంటి మీదా రూపాయి లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, అందరూ ముందే కట్టేసి వచ్చారు కదా.

"మీకు టిప్పులొస్తాయా తమ్ముడూ?" అని అడిగాను.

"ఇక్కడ రావు మేడం. ఇటు సైడు అంతా ప్యాకేజీ వాళ్ళే. అటు మెనూ చూసి తినేటోళ్ళ సైడు పడితే కొంచెం వస్తయ్. వారానికొకసారి మారుస్తరు."

ప్యాకేజీ వాళ్ళు. అప్పటిదాకా మేము అతిథులం అనుకుంటున్నాను.

లాకర్ దాకా వెళ్ళి, పర్సు తీసుకుని, కాళ్ళు కాలే గచ్చు మీద మళ్ళీ నడిచి వచ్చేసరికి మూడూ ఇరవై. బఫే మూడింటికి మూసేశారు. కుర్రాడు కనపడలేదు. సూపర్‌వైజర్ "నాకివ్వండి సార్, ఇస్తాను" అన్నాడు. మా ఆయన ఇచ్చి వచ్చారు. అది చేరిందో లేదో ఆ వెంకన్నకే తెలియాలి.

*

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. అందుకని ఈ విషయం ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. భోజనానికి ముందే డబ్బు కట్టించుకోవడం అనే చిన్న ఏర్పాటులో ఎవరికేం లాభం, ఎవరికేం నష్టం అని లెక్క వేస్తూ కూర్చున్నాను.

పార్కు వైపు నుంచి చూస్తే ఇది చాలా తెలివైన పని, కొంతవరకు న్యాయమైనది కూడా. మన హైదరాబాదు చుట్టూ ఉన్న పార్కులన్నీ ఊరికి దూరమే. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ దారిలో ఉంది, 2016లో వచ్చిన వండర్లా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర ఉంది. అంత దూరంలో రేపు ఎంతమంది తింటారో తెలియకుండా వంటశాల నడపడం అంటే నిప్పు మీద కూర్చున్నట్టే. ఎండ కాస్తే మూడు వేల మంది, వాన పడితే మూడొందలు. ముందే డబ్బు కట్టినవాళ్ళ లెక్క ఉంటే బియ్యం ఎంత నానబెట్టాలో వంటవాడికి తెలుస్తుంది. పారబోసేది తగ్గుతుంది. దీన్ని నేను తప్పుపట్టను.

తప్పు పట్టేది ఆ తర్వాతి లెక్కని. ముందే తీసుకున్న డబ్బు పుస్తకాల్లో ఆదాయం కాదు, అప్పు. భోజనం పెట్టాకే అది ఆదాయం అవుతుంది. మరి కట్టినవాడు తినడానికి రాకపోతే? దీనికి మా లెక్కల భాషలో బ్రేకేజ్ అని పేరు. 2018 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం దీని గురించి ప్రత్యేకంగా చెప్తుంది. కస్టమర్లు వాడుకోకుండా వదిలేసే భాగం ఎంతో సంస్థ ముందుగానే నమ్మకంగా అంచనా వేయగలిగితే, దాన్ని మిగతా ఆదాయంతో పాటే దామాషాగా చూపించుకోవచ్చు. అంటే మా అత్తయ్య వదిలేసిన పలావు ఎక్కడో ఒక ఎక్సెల్ షీట్లో ముందే లెక్కలోకి వచ్చేసి ఉండొచ్చు. దొంగతనం కాదు, పూర్తిగా సక్రమం. పాపం ఆవిడ ఉపవాసం వాళ్ళకి పుణ్యం.

ఫుడ్ కోర్టుల్లో రీచార్జి చేసి ఇచ్చే కార్డులదీ ఇదే దారి. ఒక సంస్థ తన దగ్గరే ఖర్చుపెట్టుకోవడానికి ఇచ్చే కార్డుని రిజర్వ్ బ్యాంకు తన అనుమతి కావలసిన చెల్లింపు వ్యవస్థగా లెక్కించదు. మిగిలిన నలభై ఏడు రూపాయల కోసం వెళ్ళేటప్పుడు మళ్ళీ క్యూలో నిలబడతారా, "పోనీలే, పాపకి ఐస్‌క్రీం కొనేద్దాం" అంటారా? మేమెప్పుడూ ఐస్‌క్రీమే.

ఇక తినేవాళ్ళ సంగతి. మా ఆయన నోట వచ్చిన మాట ఆయన ఒక్కడిదే కాదు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక యూనివర్సిటీ నాటకాల సీజన్ టికెట్ల మీద ఒక ప్రయోగం చేశారు. టికెట్ కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకి అమ్మారు, కొందరికి ఏ కారణం లేకుండా తగ్గించి ఇచ్చారు. నాటకాలు అవే, హాలు అదే. పూర్తి ధర కట్టినవాళ్ళు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకి వచ్చారు. కట్టిన డబ్బు తిరిగి రాదని తెలిసినా, అది వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. బఫే దగ్గర ఆ నెట్టుడు ఎలా ఉంటుందో చూడాలంటే ఏ ఆదివారమైనా వెళ్ళి ప్లేట్ల వైపు చూడండి. మామూలుగా రెండు పుల్కాలు తిని లేచే మనిషి చికెన్ ముక్కల మీద నూడుల్స్, నూడుల్స్ మీద గులాబ్ జామూను పెట్టుకుని వస్తాడు. మావాడు ఆ రోజు నాలుగు కప్పుల ఐస్‌క్రీం తిని, తర్వాత ఎక్కిన మొదటి రైడ్‌లోనే కక్కుకున్నాడు. "ఎందుకు తిన్నావురా అంత?" అంటే "నాన్నే చెప్పాడుగా, డబ్బులు కట్టేశాం అని" అన్నాడు.

*

ఈ గొడవకి పెద్దన్నలాంటి కథ ఒకటి ఫ్లోరిడాలో ఉంది. మా తోటికోడలు వాళ్ళు అట్లాంటాలో ఉంటారు. 2024లో అత్తయ్య అక్కడికి వెళ్ళినప్పుడు డిస్నీ వరల్డ్ చూపిద్దామనుకున్నారు. ఒక రాత్రి వీడియో కాల్‌లో నన్ను కూర్చోబెట్టి "అక్కా, నువ్వు లెక్కల మనిషివి కదా, ఈ డైనింగ్ ప్లాన్ తీసుకోవచ్చంటావా" అని అడిగింది. అలా దాని చరిత్రంతా చదివాను.

అక్కడ ఈ ప్లాన్ 2005లో మొదలైంది. పార్కు హోటల్లో దిగినవాళ్ళు ఎన్ని రాత్రులుంటే అన్ని రోజుల తిండికి ముందే కట్టేస్తారు. చేతికొచ్చేవి డబ్బులు కాదు, క్రెడిట్లు. కూర్చుని తినే భోజనానికి ఒకటి, కౌంటర్లో తీసుకునే భోజనానికి ఒకటి, చిరుతిండికి ఒకటి. ఖరీదైన రెస్టారెంట్లలో ఒక్క భోజనానికి రెండు క్రెడిట్లు పోతాయి. గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికల్లా మిగిలినవన్నీ చెల్లకుండా పోతాయి. 2024లో గదిలో ఉన్న మూడేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ప్లాన్ కొనాల్సి వచ్చేది. పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ ధర. మన దగ్గర పార్కుల్లో పిల్లల్ని గోడకి నిలబెట్టి ఎత్తు కొలుస్తారు, అక్కడ పుట్టినరోజు అడుగుతారు.

లెక్క వేశాం. 2024లో పెద్దవాళ్ళకి రాత్రికి 94.28 డాలర్లు, పిల్లలకి 29.69. మా మరిది, తోటికోడలు, అత్తయ్య, పదేళ్ళ పిల్లాడు కలిసి నలుగురు పెద్దవాళ్ళు, ఆరేళ్ళ పిల్ల ఒకతి. రాత్రికి 406.81 డాలర్లు. నాలుగు రాత్రులకి 1,627. అందులో అత్తయ్య ఒక్కరి వంతు 377 డాలర్లు, అప్పటి రేటులో 31 వేల రూపాయల పైమాటే. ఇరవై ఒకటి దాటినవాళ్ళకి భోజనంతో పాటు కావాలంటే బీరో వైనో కూడా ఆ ధరలోనే ఉంటుంది. ఉల్లిపాయ కూడా తినని మా అత్తయ్య తన వంతు బీరుకి కూడా డబ్బులు కడుతుందన్నమాట. ఆ సంగతి చెప్తే ఆవిడ ఫోన్ దగ్గరికొచ్చి "నా వంతు వాడికివ్వండి" అని కొడుకు వైపు చూపించింది. అలా ఇవ్వొచ్చా అన్నది పక్కన పెడితే, ఒకే ధర అన్న మాటలో ఉన్న మోసం ఇదే. మాంసం తినేవాడు, తాగేవాడు, పెద్ద తిండి తినేవాడు గెలుస్తాడు. వాళ్ళ ఖర్చు పప్పన్నం మనుషులు మోస్తారు. తోటికోడలు ప్లాన్ తీసుకోలేదు.

నాకు ఆసక్తిగా అనిపించింది మాత్రం వడ్డించేవాళ్ళ కథ. మొదట్లో ఆ ప్లాన్ ధరలోనే టిప్పు కలిసి ఉండేది, 18 శాతం. ఒక క్షణం ఆ సర్వర్ జాగాలో నిలబడి చూడండి. అతిథి ఎలాగూ కట్టేశాడు కాబట్టి ఖరీదైన స్టేక్ చెప్తాడు, ముందు స్టార్టరూ ఉంది, చివర స్వీటూ ఉంది. బిల్లు పెద్దది, దాని మీద 18 శాతం ఖాయం. పండగే. 2008 వచ్చేసరికి ప్లాన్‌లోంచి స్టార్టర్ తీసేశారు, టిప్పూ తీసేశారు. పనిలో ఏ మార్పూ లేదు. అవే బల్లలు, అవే పళ్ళేలు, అదే నవ్వు. కానీ ఎదురుగా కూర్చున్న అతిథి మాత్రం "అన్నీ కలిపి కట్టేశాను" అనే మనసుతోనే వస్తాడు. చివర్లో బిల్లు ఫోల్డర్ తెరిస్తే కట్టాల్సింది సున్నా కనపడుతుంది, కింద టిప్పు రాయాల్సిన గీత కనపడుతుంది. సెలవు మొత్తం మీద ఆ మనిషి జేబులోంచి తీయాల్సిన మొదటి డబ్బు ఆ సర్వర్‌దే. మిగతా డబ్బంతా ఏ ఆరు నెలల కిందో నొప్పి తెలియకుండా పోయింది. నొప్పంతా వచ్చి ఆ గీత మీద కూర్చుంటుంది.

అక్కడ టిప్పు అంటే మన దగ్గరలా దయ కాదు, జీతంలో భాగం. ఫ్లోరిడా చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని కనీస వేతనం కంటే గంటకి 3.02 డాలర్లు తక్కువ ఇవ్వొచ్చు, మిగతాది టిప్పుల్లోంచి రావాలి. 2025 సెప్టెంబర్ 30 నుంచి కనీస వేతనం 14 డాలర్లు అయితే వీళ్ళకి 10.98. డిస్నీలో ఆరుగురూ అంతకంటే ఎక్కువమందీ కలిసి కూర్చుంటే 18 శాతం బిల్లులోనే పడుతుంది. మావాళ్ళలా ఐదుగురైతే వాళ్ళ మనసు ఎంతంటే అంత.

వంటశాల మీద పడే దెబ్బ దీనికంటే నెమ్మదిగా పడుతుంది. ఏది చెప్పినా ఒకటే క్రెడిట్ అన్నప్పుడు అందరి వేలూ ఖరీదైనదాని మీదికే వెళ్తుంది. అప్పుడు వంటవాడికి రెండే దారులు. ఆ ఖరీదైన వంటకాన్ని మెనూలోంచి తీసేయడం, లేదా మెనూ ఎత్తేసి అందరికీ ఒకే బఫే పెట్టడం. ఎవరూ చెడగొట్టాలని చెడగొట్టరు. కూపన్ అనే కొలపాత్రలో పట్టేలా వండటం మొదలుపెడతారు, అంతే. ప్రతి బఫేలోనూ అదే పనీర్ బటర్ మసాలా, అదే వెజ్ మంచూరియా ఎందుకుంటాయో నాకు అప్పుడర్థమైంది. గోంగూర పచ్చడి ఎక్కడా కనపడదు. హైదరాబాదులో, గోంగూర లేని బఫే! సరే, ఇది నా సొంత బాధ.

ఇంకొక సంగతి. ఆ ప్లాన్‌ని 2020 మార్చిలో కరోనాకి మూతపడినప్పుడు ఆపేశారు. 2024 జనవరి 9న మళ్ళీ తెచ్చారు. దాదాపు నాలుగేళ్ళు అది లేకుండానే జనం తిన్నారు, హోటళ్ళు నడిచాయి. అయినా తిరిగి వచ్చిందంటే జనానికి అది కావాలి. అడిగి మరీ తెప్పించుకుంటారు. ఎందుకో నాకూ తెలుసు. పిల్లలు "అమ్మా అది కావాలి" అన్న ప్రతిసారీ ధర చూసి మొహం మాడ్చుకోకుండా ఉండటం చిన్న సుఖం కాదు. సెలవుల్లో లెక్కలు చూడకుండా ఉండటానికి ముందే లెక్క తేల్చేసుకోవడం. ఈ సుఖాన్ని ఎగతాళి చేసేవాళ్ళు పిల్లలతో పార్కుకి వెళ్ళి ఉండరు.

*

"అయితే ముందే కట్టించుకోవడం తప్పంటావ్" అన్నారు మా ఆయన, ఇదంతా విని. కాదు. ముందే కట్టి తినడం మనకి కొత్తా?

మా అన్నయ్య అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునే రోజుల్లో ఎస్.ఆర్. నగర్‌లో ఒక మెస్సులో తినేవాడు. నెల మొదట్లో డబ్బు కడితే టోకెన్ల పుస్తకం ఇచ్చేవారు. చిన్న పసుపు రంగు చీటీలు, వెనక స్టాంపు. పండక్కి ఊరొస్తే మిగిలిన టోకెన్లు రూమ్మేట్ తినేవాడు, లేదా వచ్చే నెలకి నడిచేవి. సాంబారు పల్చగా ఉంటే అన్నయ్య వాళ్ళు ఏం చేసేవాళ్ళనుకున్నారు? గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మెస్సు ఆంటీతోనే చెప్పేవాళ్ళు. "ఏంటాంటీ, సాంబార్లో ఈత కొట్టొచ్చు." మర్నాడు చిక్కగా ఉండేది. ఎందుకంటే ముప్ఫై రోజులయ్యాక ఈ కుర్రాళ్ళు మళ్ళీ పుస్తకం కొనాలి, పక్క సందులో ఇంకో మూడు మెస్సులున్నాయి.

ఇంకా వెనక్కి వెళ్తే మా నాన్న. జనవరిలో నుమాయిష్‌కి తీసుకెళ్ళేవాడు. 1938లో మొదలై, నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, హైదరాబాదు పిల్లలకి సంక్రాంతి కంటే పెద్ద పండగ. గేటు దాటగానే నాన్న తలా పది రూపాయలు చేతిలో పెట్టి "ఇక నన్నేమీ అడగొద్దు" అనేవాడు. అదీ ముందస్తు చెల్లింపే కదా! జెయింట్ వీల్ ఎక్కాలా, మిర్చి బజ్జీ తినాలా అని నేనూ అన్నయ్యా గంటసేపు తర్జనభర్జన పడేవాళ్ళం. తేడా ఒక్కటే. మిగిలిన రూపాయిన్నర మాది. అర్ధరాత్రికి చెల్లకుండా పోయేది కాదు.

పెళ్ళి భోజనమైతే తినేవాడు కట్టడమనే మాటే లేదు. ఆడపెళ్ళివారు క్యాటరింగ్ ఆయనకి ప్లేటు లెక్కన ముందే మాట్లాడేసి ఉంటారు. అయినా ఫంక్షన్ హాల్లో వడ్డించే పిల్లలు పరుగెడుతూనే ఉంటారు. ఎందుకంటే పెళ్ళికూతురి తండ్రో, బాబాయో బంతుల మధ్య తిరుగుతూ "ఇక్కడ పప్పు మారు అడగండి, అన్నయ్యగారికి నెయ్యి వెయ్యండి" అంటూ ఉంటాడు. డబ్బిచ్చినవాడు అక్కడే, కళ్ళముందే ఉన్నాడు. ఆ మాట పడకుండా ఉండాలనైనా గరిటె కదులుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు పెద్దవాళ్ళు. మనవాడు కాకపోయినా పరవాలేదు, వాడిని పట్టించుకునేవాడు ఒకడుంటే చాలు.

పార్కు బఫేలో ఆ ఒక్కడూ లేడు. నేను డబ్బిచ్చింది మూడు వారాల కిందట ఒక వెబ్‌సైట్‌కి. అది పార్కు ఖాతాలోకి వెళ్ళింది. వంటశాలకి అందేది తలల లెక్క. సాంబారు పల్చగా ఉందని నేనెవరికి చెప్పాలి? చెప్పినా ఏమవుతుంది? గేటు బయట పక్క సందూ లేదు, ఇంకో మెస్సూ లేదు. బయటి తిండి లోపలికి రానివ్వరు. మా అత్తయ్య చేతి సంచిలోని రెండు జామకాయలు కూడా గేటు దగ్గరే తీసి పక్కన పెట్టించారు. వచ్చే ఏడాది దాకా నేను మళ్ళీ రాను. కాబట్టి నేను బాగా తిన్నానా లేదా అన్నది ఆ భవనంలో ఎవరి జీతానికీ సంబంధించిన విషయం కాదు. అయినా ఆ కుర్రాడు పుచ్చకాయ ముక్కలు తెచ్చాడు చూశారా, అది అతని సొంత మంచితనం. ఏర్పాటు మొత్తం ఆ మంచితనం మీద నడుస్తోంది, దానికి పైసా ఇవ్వకుండా.

టిప్పులు పెంచండి అనడం లేదు నేను. టిప్పు మీద బతికించే పద్ధతి మంచిది కాదని ఫ్లోరిడా కథే చెప్తోంది. ప్లాన్‌లో ఒక్క లైను మారిస్తే మనిషి నెల ఆదాయం తలకిందులైపోయే ఉద్యోగం ఎవరికీ వద్దు. పోనీ బిల్లులో సర్వీస్ చార్జ్ అని కలిపేద్దామా అంటే మన దగ్గర అదీ కుదరదు. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, హోటళ్ళు తమంతట తాము సర్వీస్ చార్జ్ కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్ళాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. వినియోగదారుగా నాకు సంతోషమే. సర్వీస్ చార్జ్ పేరుతో తీసుకున్నదంతా సర్వీస్ చేసినవాడికి చేరుతుందని నేనెప్పుడూ నమ్మలేదు.

కానీ భోజనం ధరని ముందే, ఒక్క మొత్తంగా, బేరం లేకుండా నిర్ణయించే అధికారం పార్కుకి ఉంది కదా. అదే అధికారంతో ప్యాకేజీ సైడు పనిచేసే వారానికి ఇంత అదనం అని జీతంలోనే కలపొచ్చు. తలకి ఇరవై రూపాయలు ధర పెరగనీ. ముందే కట్టేటప్పుడు నాకు ఆ ఇరవై కనపడనే కనపడదు, ఈ పద్ధతి గొప్పతనమే అది. నొప్పి తెలియకుండా డబ్బు తీసే ఉపాయం చేతిలో ఉన్నవాళ్ళు, దాన్ని ఆ ప్లేట్లు తీసే కుర్రాడి కోసం కూడా వాడితే ఏం పోయింది? మా ఆయన "ఇరవై పెంచుతారు, పది వాళ్ళే ఉంచుకుంటారు" అన్నారు. పదైనా చేరుతుంది కదా. ఇప్పుడు చేరేది సున్నా.

తినని భోజనం డబ్బు తిరిగివ్వమంటే అత్యాశ అంటారేమో. సరే, కనీసం ఎవరికి కావాలో వాళ్ళకే కొనుక్కోనివ్వాలి. అంత చిన్న మార్పుకి కంప్యూటర్లో ఎంత పని పడుతుందో ఆ రంగంలోని మా మరిదిని అడిగితే "మధ్యాహ్నం టీ తాగేలోపు అయిపోతుంది వదినా" అన్నాడు.

*

దసరా సెలవుల్లో పిల్లలు మళ్ళీ పార్కు అన్నారు. ఈసారి వేరే పార్కు. బుకింగ్ పేజీలో భోజనం పెట్టె మనిషి మనిషికీ విడిగా ఉంది. నలుగురికి టిక్కు పెట్టాను, అత్తయ్యకి పెట్టలేదు. తీరా చూస్తే మేం వెళ్ళేది మంగళవారం.

"మంగళవారం తింటాను కదే" అంది అత్తయ్య నా భుజం మీదుగా ఫోన్లోకి చూస్తూ. తర్వాత తనే "వద్దులే, అక్కడికెళ్ళాక ఆకలేస్తే అప్పుడు కొను" అంది.

పొద్దున బయల్దేరేటప్పుడు ఫ్రిజ్‌లో కూరగాయలకి వాడే జిప్ కవర్ ఒకటి తీసి, అందులో రెండు వంద నోట్లు మడిచి పెట్టి, గాలి లేకుండా నొక్కి మూసి, మావాడి నిక్కరు జేబులో పెట్టాను. "కూపన్లా?" అని అడిగాడు వాడు.

"కాదు. తీయకు, నేనడిగినప్పుడు ఇవ్వు."